దారం మీద వేలు: అరవై దాటాక మళ్ళీ ట్రౌట్ వేటకి

అందరికీ నమస్కారమండి. మైకు లేకుండానే మాట్లాడతాను, వెనక వరసలో వినపడకపోతే చెయ్యెత్తండి చాలు. రిటైరయ్యాక ఏం చేస్తున్నారో వచ్చి చెప్పండి అని నన్ను పిలిచారు, చేపలు పడుతున్నాను అని చెప్పా, సరే దాని గురించే చెప్పండి అన్నారు, అందుకని రాడ్డూ రీలూ కూడా పట్టుకొచ్చా. ఈ టేబుల్ మీద పెట్టినవి అవే. కొక్కేలు తీసేసే తెచ్చాను, పిల్లలు ముట్టుకున్నా ఏం కాదు.

నాకిప్పుడు అరవై ఆరు. మాది మంగళగిరి, చేనేత కుటుంబం. ఇంట్లో రెండు గుంట మగ్గాలుండేవి, ఒకదాని మీద నాన్న, ఇంకోదాని మీద బాబాయి, అమ్మ రాట్నం మీద కండెలు చుట్టేది, నేను బడికి వెళ్ళేముందు ఓ గంట, వచ్చాక ఓ గంట అమ్మకి సాయం. ఆదివారాలు మాత్రం సైకిలేసుకుని కాలవ గట్టుకి పోయేవాళ్ళం, వెదురు కర్ర, దానికి నైలాన్ దారం, నెమలి ఈక బెండు, ఎర్రలు తవ్వి పెట్టుకున్న డబ్బా, అంతే సామాను. జెల్లలు పడేవి, పరిగెలు పడేవి, ఎప్పుడైనా అదృష్టం బాగుంటే కొరమేను. బెండు వంక రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చోటమే పని, బెండు మునిగిందంటే లాగటమే. ఈ బెండు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తా.

1986లో ఎమ్మెస్ చెయ్యటానికి అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని రోలా ఊరికి వచ్చా. ఇప్పుడు మన పిల్లలు మిస్సోరి ఎస్ అండ్ టీ అంటున్నారే, 2008 దాకా దాని పేరు యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరి రోలా. నేనుండే ఇంటి ఓనరు ఒక పెద్దాయన, కొరియా యుద్ధానికి వెళ్ళొచ్చినాయన, మనిషి పెద్దగా మాట్లాడడు. ఫిబ్రవరి ఆఖర్లో ఒకరోజు వచ్చి ఆదివారం ఖాళీనా అన్నాడు, ఖాళీనే అన్నా, తెల్లారుజామున నాలుగున్నరకి తలుపు కొట్టాడు. అది 1987 మార్చి 1. మార్చి 1 అంటే మిస్సోరిలో ట్రౌట్ పార్కులు, అంటే ట్రౌట్ అనే చల్లనీటి చేపల్ని ఏట్లో వదిలి జనాన్ని పట్టుకోనిచ్చే పార్కులు, తెరిచే రోజని నాకప్పుడు తెలీదు. సెయింట్ జేమ్స్ దాకా వెళ్ళి అక్కణ్ణించి హైవే 8 మీద ఆరేడు మైళ్ళు పోతే మెరమెక్ స్ప్రింగ్. చీకట్లో వందలమంది ఒడ్డు పొడుగునా భుజం భుజం ఆనించి నిలబడున్నారు, చేతుల్లో రాడ్లు, నోట్లోంచి పొగలు, ఎవ్వరూ దారం వెయ్యట్లేదు. ఏంటి వీళ్ళు ఎదురు చూసేది అనుకున్నా. అప్పుడు సైరన్ మోగింది. ఒక్కసారిగా వందల దారాలు గాల్లోకి లేచినాయి, తిరనాళ్ళలో ప్రభ కదిలినప్పుడు లేచే కేక లాంటి కేక ఒకటి ఒడ్డంతా లేచింది.

పెద్దాయన నా చేతిలో ఒక చిన్న రాడ్డు పెట్టాడు, దారం చివర బంగారు రంగు మెప్స్ స్పిన్నరు, ఒకటో నంబరుది, నీళ్ళలో లాగుతుంటే రేకు గిరగిరా తిరిగే చిన్న లోహపు ఎర అది. రేకు మీద కామాక్షి దీపం వెలుగంత మెరుపు. ఎలా వెయ్యాలో రెండుసార్లు చూపించాడు, మూడోసారి నన్ను వెయ్యమన్నాడు. పదో పదకొండో సారి అనుకుంటా, వేలి మీద సన్నగా గరగరమని ఆడుతున్న దారం టక్కున ఆగిపోయింది, ఆగి మళ్ళీ బరువుగా పక్కకి లాగింది. ఒడ్డుకి తీసుకొచ్చేదాకా ఊపిరి ఉందో లేదో నాకు తెలీదు. పన్నెండంగుళాల రెయిన్‌బో ట్రౌట్. దాన్ని చూసినవాళ్ళు ఇక్కడెంతమంది ఉన్నారో గానీ, చూడనివాళ్ళకి చెప్తా, ఒళ్ళంతా నువ్వులు చల్లినట్టు నల్ల చుక్కలు, మొప్పల దగ్గర నించి తోక దాకా పక్కన ఒక గులాబి చార, నీళ్ళలోంచి తీసిన మొదటి రెండు క్షణాలు ఆ చార వెలిగినట్టుంటుంది, మంగళగిరి చీరకి నిజం జరీ అంచు ఎండలో పట్టుకుంటే ఎలా ఉంటదో అలా. పొలుసు ఎంత సన్నమంటే చేతికి తగలదు, జిగురే తగులుతుంది. కాలవలో పట్టిన ఏ చేపా అలా లేదు.

ఆ తర్వాత ఏడేళ్ళు వదల్లేదు. చదువైపోయింది, ఉద్యోగం, పెళ్ళి, అయినా నెలకోసారైనా పోయేవాణ్ణి. 1994లో మా రెండోది పుట్టింది, అదే ఏడాది సెయింట్ లూయిస్ మారాం, ఇంక అంతే. మానెయ్యాలని ఎవరూ అనుకోరండి, ఈ వారం కుదరదు, వచ్చేవారం చూద్దాం, అట్టా ఇరవై ఎనిమిదేళ్ళు గడిచినాయి. ప్రాజెక్టులు, పిల్లల స్విమ్మింగులు, కూచిపూడి క్లాసులు, ఇండియాలో అమ్మా నాన్నల ఆరోగ్యాలు. నాన్న 2019లో పోయారు. 2021 ఆఖర్లో నేను రిటైరయ్యా. 2022 మార్చిలో గరాజ్ సర్దుతుంటే నీళ్ళ హీటరు వెనకాల గోడకి ఆనించి ఆ రాడ్డు కనపడింది.

ఇక్కణ్ణించి కొంచెం వివరంగా చెప్తా ఎందుకంటే మీలో చాలామంది ఇళ్ళల్లో కూడా ఇలాంటిదేదో ఒకటి ఉండే ఉంటది, టెన్నిస్ రాకెట్టో వీణో కెమెరానో, తీసి దుమ్ము దులిపి రేపే మొదలుపెడదాం అనిపిస్తది. నేనూ అదే చేశా. రీలు తిప్పితే గట్టిగా ఉంది, విప్పి చూస్తే లోపల గ్రీజు ముదురు పాకం పట్టిన బెల్లంలా గడ్డకట్టింది. ఆల్కహాల్‌తో తుడిచి కొత్త గ్రీజు పెట్టా, గేర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. దారం మాత్రం మార్చలా. చూడటానికి బానే ఉంది కదా అనుకున్నా. నేతోళ్ళ ఇంట్లో పుట్టి దారాన్ని లాగి చూడకపోవటం, ఆ తప్పు నాకింకా బాధగానే ఉంది. నైలాన్ దారం ఎండకీ వేడికీ లోపల్నించి పెళుసెక్కుతుంది, గరాజ్‌లో ఇరవై ఎనిమిది ఎండాకాలాలు ఉడికిన దారం అది. మెరమెక్‌లో మొదటి గంటలోనే ఒక చేప తగిలింది, తగిలీ తగలంగానే పుటుక్కుమని తెగింది, స్పిన్నరు నోట్లో పెట్టుకుని ఆ చేప వెళ్ళిపోయింది. నా నిర్లక్ష్యం దాని నోట్లో ఉండిపోయింది అనమాట. ఇప్పుడు ప్రతి ఏడాది ఫిబ్రవరిలో దారం మారుస్తా, వాడినా వాడకపోయినా. ఆరు డాలర్ల పని.

అదే రోజు ఇంకోటి జరిగింది. నీళ్ళలో దిగటానికి వేసుకునే పాత వేడర్ బూట్లు వేసుకెళ్ళా, కింద ఫెల్ట్ అతికించినవి, కంబళి గుడ్డ లాంటిది, నాచు పట్టిన రాళ్ళ మీద జారకుండా పట్టుకుంటదని అప్పట్లో అందరం అవే వేసేవాళ్ళం. పార్కింగ్‌లో పక్క కారాయన చూసి చాలా మర్యాదగా చెప్పాడు, సార్ ఇవి ఇప్పుడు వెయ్యకూడదు అని. 2012 మార్చి 1 నించి మిస్సోరి ట్రౌట్ నీళ్ళల్లో ఫెల్ట్ అడుగులు నిషేధం. డిడిమో అని ఒక రకం నాచు, రాక్ స్నాట్ అని కూడా అంటారు, తడి ఫెల్ట్‌లో రోజుల తరబడి బతికుంటది, ఒక ఏట్లోంచి ఇంకో ఏట్లోకి మన కాళ్ళతోనే పోతుంది, పోయిన చోట రాళ్ళ మీద దుప్పటిలా పరుచుకుని చేపలు తినే పురుగులు ఉండే చోటుని కప్పేస్తది. ఆయన చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. బూట్లు విప్పేసి ఆ రోజంతా ఒడ్డు మీద నించే వేశా. ఇన్నేళ్ళ తర్వాత వెళ్ళేవాళ్ళు ముందు రూల్సు చదవండి, ఏరు అక్కడే ఉంటది గానీ రూల్సు మారతాయి.

సరే, ఇప్పుడు ఈ రీలు చూడండి. దీన్ని స్పిన్నింగ్ రీలు అంటారు, నా పాతది ఇదే. తిప్పుతున్నా, గమనించండి, దారం చుట్టుకునే ఈ స్పూలు తిరగట్లేదు, పైకీ కిందకీ కదులుతోంది అంతే, దాని చుట్టూ ఈ తీగ తిరిగి దారాన్ని చుడుతోంది. విసిరేటప్పుడు ఈ తీగ ఎత్తేస్తాం, దీన్ని బెయిల్ అంటారు, అప్పుడు దారం కదలకుండా ఉన్న స్పూలు మూతి మీద నించి చుట్లు చుట్లుగా జారి పోతుంది. ఇది చూస్తే మా అమ్మ వయసు వాళ్ళకి ఏం గుర్తొస్తుంది? నాడెలో కండె. నాడె అంటే మగ్గం మీద అడ్డ దారం మోసే పడవ లాంటి చెక్క. అది పడుగులోంచి ఇటూ అటూ పరిగెడుతుంటే లోపల కండె తిరగదు, దాని మొన మీద నించి పేక దారం జారుతుంది. నాకిది 1987లోనే తట్టింది, కానీ ఏదో పోలిక అనుకున్నా. రిటైరయ్యాక చదివితే తెలిసింది, ఇలాంటి రీలుకి 1905లో పేటెంట్ తీసుకున్న ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ అనే ఆయన ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల ఆయనే. ఉన్ని మిల్లులో దారం కండె మొన మీద నించి జారటం రోజూ చూసిన మనిషి దాన్ని తీసుకెళ్ళి ఏట్లో పెట్టాడు. అది చదివిన రోజు నాన్న ఉంటే బాగుండేది అనిపించింది, కూర్చోబెట్టి రీలు చేతికిచ్చి చూపించేవాణ్ణి.

దీనివల్ల లాభమేంటంటే, అంతకుముందు రీళ్ళల్లో విసిరినప్పుడు స్పూలే తిరగాలి, స్పూలు తిరగాలంటే ఎర బరువుగా ఉండాలి. ఇందులో దేన్నీ తిప్పక్కర్లా, అందుకని మూడున్నర గ్రాముల స్పిన్నరుని కూడా అరవై డెబ్భై అడుగులు హాయిగా విసరొచ్చు. ట్రౌట్ నోటికి సరిపోయే చిన్న ఎరలన్నీ ఈ బరువులోవే. అయితే నేతోళ్ళకి తెలిసిందే, మొన మీద నించి జారే దారానికి చుట్టుకో పురి ఎక్కుతుంది. పైగా స్పిన్నరు నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది కాబట్టి అదింకా ఎక్కిస్తుంది. పురి ఎక్కువైతే దారం ముడతలు పడి ఒక్కసారిగా చుట్టచుట్టుకుని చిక్కులైపోతుంది. దానికి నేను చేసేవి మూడున్నాయి, స్పిన్నరుకి ఒకటిన్నర అడుగు పైన ఒక చిన్న స్వివెల్ కడతా, అది దారం తిరగకుండా తనే తిరుగుతుంది. విసిరాక బెయిల్‌ని హ్యాండిల్ తిప్పి మూయను, ఎడమ చేత్తో మూస్తా, మూసి దారం ఒకసారి లాగి బిగువు చూస్తా. చేప బలంగా లాగి దారం గుంజుకుపోతుంటే ఆ టైంలో హ్యాండిల్ తిప్పను, తిప్పితే చేప రాదు పురి ఒక్కటే ఎక్కుతుంది. ఇంకా స్పూలు నిండా చుట్టకూడదు, అంచుకి ఒక మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. కండె మరీ లావుగా చుడితే అమ్మ తిట్టేది, జారి గుట్టైపోద్దిరా అని. అదే సూత్రం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా, నేనిక్కడికి వచ్చి చెప్పాలనుకున్నది ఇదే. నాకు దగ్గర చూపు తగ్గింది, కుడి చెవి సరిగ్గా వినపడదు, భుజానికి ఆపరేషనైంది. బెండు వంక చూస్తూ కూర్చునే వేట నాకిప్పుడు కష్టం, నీళ్ళ మీద ఎండ పడితే బెండు ఎక్కడుందో కనపడదు. కానీ స్పిన్నర్‌తో కళ్ళు అక్కర్లేదు. కుడి చెయ్యి రాడ్డు పిడి మీద ఉంటే రీలు కాడ రెండు వేళ్ళ మధ్యలో పోతుంది కదా, అప్పుడు చూపుడు వేలు ముందుకి చాపి, రీల్లోంచి వచ్చే దారాన్ని ఇట్టా వేలి కొస మీద ఆనించుకుంటా. ఎదురుగా, కొంచెం ఎగువకి విసురుతా. పడ్డాక మనసులో రెండు లెక్కపెడతా, మునగనిస్తా. తిప్పటం మొదలుపెట్టాక మొదట ఏమీ తెలీదు, ఇంకో అర చుట్టు, ఇంకో చుట్టు, అప్పుడు రేకు నీళ్ళని పట్టుకుని తిరుగుతుంది, వేలి మీద ట్ర్‌ర్‌ర్‌మని సన్నగా మొదలవుతుంది, గుప్పిట్లో తుమ్మెదని పట్టుకుంటే ఎలా ఉంటదో అలా. ఆ చప్పుడు చెవిది కాదు, పూర్తిగా వేలిదే. ఇంక నా పనల్లా అది ఆగిపోకుండా ఎంత నెమ్మదిగా తిప్పగలనో అంత నెమ్మదిగా తిప్పటం. కుర్రతనంలో గబగబా తిప్పేవాణ్ణి, రోజుకి నాలుగొందల సార్లు విసిరేవాణ్ణేమో. ఇప్పుడు అందులో సగం కూడా విసరను, చేపలు మాత్రం అప్పటికన్నా ఎక్కువే పడుతున్నాయి, ఎందుకంటే స్పిన్నరు అడుక్కి దగ్గరగా, ట్రౌట్ ఉండే ఎత్తులో పోతోంది.

వేలు ఏమేం చెప్తుందో చూడండి. ట్ర్‌ర్‌ర్ మెత్తబడింది అంటే రేకుకి పాచి తగిలింది, తీసి శుభ్రం చెయ్యాలి. టిక్ టిక్ అని ఆగి ఆగి కొడితే కంకర మీద రాస్తోంది, రాడ్డు కొన ఎత్తాలి. ఉన్నట్టుండి బరువు పెరిగితే స్పిన్నరు మెల్లగా పోయే నీళ్ళలోంచి ప్రవాహంలోకి అడుగుపెట్టింది, ఆ గీత ఉంది చూశారూ, వడి నీళ్ళకీ నెమ్మది నీళ్ళకీ మధ్య, ట్రౌట్ అక్కడే ఉంటుంది, తను నెమ్మది నీళ్ళలో ఎగువకి మొహం పెట్టి నిలబడి వడి నీళ్ళు తెచ్చే తిండి కోసం చూస్తుంటది. ఇంక ఏ కారణం లేకుండా చప్పుడు మొత్తం ఆగిపోయిందనుకోండి, అది చేప. లాగటం తర్వాత తెలుస్తుంది, ముందు తెలిసేది ఆగటమే. మా నాన్న పక్కింటాయనతో రాజకీయాలు మాట్లాడుతూనే నేసేవారు, మగ్గం వంక చూసేవారు కాదు, ఎక్కడో ఒక పోగు తెగితే మాట మధ్యలో చెయ్యి ఆగిపోయేది. చిన్నప్పుడు ఎలా తెలుస్తది నాన్నా అంటే చేతికి తెలుస్తదిరా అనేవారు. నాకు ఆ జవాబు అర్థం కావటానికి అరవై మూడేళ్ళు పట్టింది, అర్థమైంది మెరమెక్ ఏట్లో మోకాలి లోతు నీళ్ళలో.

ఎదురుగా విసిరిన స్పిన్నరుని ఏరు దిగువకి ఈడ్చుకుపోతుంది, చివరికి అది మన కింద వైపు తిన్నగా వచ్చి ఆగుతుంది. చాలామంది అక్కడ గబగబా చుట్టేసి మళ్ళీ విసురుతారు. అలా చెయ్యకండి, అక్కడ ఒక ఐదారు సెకన్లు ఆపండి, ప్రవాహమే రేకుని తిప్పుతుంది. వెంటాడుతూ వచ్చిన చేప అప్పుడే కొడుతుంది. నాకు పడ్డవాటిల్లో ఎన్నో అలా ఆపినప్పుడు పడ్డవే.

ఫ్లై ఫిషింగ్, అంటే పురుగు లాంటి తేలికపాటి ఎరని బరువున్న దారంతో గాల్లో ఊపి విసిరే పద్ధతి, ఎందుకు నేర్చుకోలేదు అని నన్ను చాలామంది అడుగుతారు, ట్రౌట్ అంటే అదే అసలైన పద్ధతి, స్పిన్నింగ్ మొదట్లో నేర్చుకునేవాళ్ళది అన్నట్టు. నేను గౌరవంగానే చెప్తున్నా, ఆ మాట నేనొప్పుకోను. ఫ్లై వెయ్యటం చూడటానికి చాలా అందంగా ఉంటుంది, కానీ దానికి భుజం కావాలి, వెనక ఖాళీ కావాలి. స్పిన్నింగ్ మణికట్టుతో అయిపోతుంది, సికమోరు చెట్టు కింద నిలబడి కూడా వెయ్యొచ్చు. డాక్టరు ఇంక భుజం పైకి చెయ్యెత్తి పనులు తగ్గించండి అన్నాక కూడా నేను నీళ్ళలో ఉన్నానంటే ఇందువల్లే. ఇది కింది మెట్టు కాదండి, దీంట్లో నేర్చుకునేది ఒక జీవితానికి సరిపడా ఉంది.

సామాను పెద్దగా అక్కర్లా. ఆరడుగుల అల్ట్రాలైట్ రాడ్డు, వెయ్యి సైజు రీలు, నాలుగు పౌన్ల బరువు ఓర్చే దారం, నాలుగైదు స్పిన్నర్లు. నేను మబ్బు పట్టిన రోజు బంగారు రంగు, ఎండ రోజు వెండి రంగు వాడతా. మూడేసి కొక్కేలు తీసేసి ఒంటి కొక్కెం పెట్టుకుంటా, దాని ముల్లు కూడా పట్కారుతో నొక్కేస్తా, చేప నోట్లోంచి ఇట్టే వచ్చేస్తుంది, మన వేలికి గుచ్చుకున్నా ఇట్టే వచ్చేస్తుంది. ముళ్ళేయటానికి రెండున్నర పవరు రీడింగ్ గ్లాసులు మెళ్ళో తాడుతో వేలాడతాయి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి, పొడిగా లాగితే రాపిడికి నైలాన్ దెబ్బతింటుంది. చలిలో వేళ్ళు పనిచెయ్యవు కాబట్టి ఇంట్లోనే అరడజను లీడర్లు, అంటే ఎర వైపు కట్టే దారం ముక్కలు, కట్టుకుని అట్టముక్కకి చుట్టి తీసుకెళ్తా.

పడిపోవటం గురించి చెప్పాలి. 2023 ఏప్రిల్లో జారి పడ్డా. నీళ్ళు మోకాలి లోతే, అయినా లేవటానికి చాలాసేపు పట్టింది, మోకాలు వాచి ఆరువారాలు ఉండిపోయింది. మా ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున ఒక చేతికర్ర ఆర్డర్ పెట్టింది. అప్పట్నించి కర్ర లేకుండా నీళ్ళలో దిగను, వేడర్లకి, అంటే ఛాతీ దాకా వచ్చే నీళ్ళు పట్టని ప్యాంటుకి, నడుం బెల్టు బిగించకుండా దిగను, బెల్టుంటే పడ్డా లోపలికి నీళ్ళు తొందరగా నిండవు. ఒంటరిగా వెళ్ళిన రోజు ఒడ్డు మీదే. ఎక్కడ ఆపానో ఇంట్లో మెసేజ్ పెడతా. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు చల్లటి నీళ్ళలోంచి గబుక్కున లేచి గట్టెక్కకండి, ఒక నిమిషం నిలబడి ఎక్కండి, నాకు ఒకసారి కళ్ళు తిరిగినాయి.

ఆ నీళ్ళు ఎందుకంత చల్లగా ఉంటాయో కూడా చెప్పి ముగిస్తా. ట్రౌట్ మిస్సోరి చేప కాదు, రెయిన్‌బో ట్రౌట్‌ని 1880ల్లో పడమటి వైపు నించి తెచ్చి వదిలారు. మన ఎండాకాలం దానికి పడదు, నీళ్ళు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ఊపిరాడక సతమతమవుతుంది. మరి ఎలా బతుకుతోందంటే ఓజార్క్ కొండల కిందంతా డోలమైటు సున్నపురాయి. మన బెలూం గుహలు చూసినవాళ్ళున్నారా? ఆ, చాలామందే ఉన్నారు. నీళ్ళు రాయిని కరిగించి సొరంగాలు చేస్తే అవి గుహలు. బెలూంలో మనం పొడిగా ఉన్న సొరంగాల్లో నడిచాం, ఇక్కడ ఆ సొరంగాల నిండా ఇప్పటికీ నీళ్ళే. వాన నీళ్ళు బొరియల్లోంచి దిగి మైళ్ళకి మైళ్ళు చీకట్లో నడిచి మెరమెక్ స్ప్రింగ్ దగ్గర పైకొస్తాయి, రోజుకి దాదాపు 10 కోట్ల గ్యాలన్లు, జులై అయినా జనవరి అయినా 13, 14 డిగ్రీలే. ఆ నీటి వేగంతోనే 1826 నించి 1876 దాకా అక్కడ ఇనప కార్ఖానా నడిచింది, కొలిమి గోడలు ఇంకా ఉన్నాయి, పిల్లలకి చూపించండి. ఊట దగ్గర నిలబడితే నీళ్ళు నీలంగా, అడుగున గడ్డి ఊగుతూ కనపడుతుంది, ఆ గడ్డి మధ్యలో ట్రౌట్లు తలలన్నీ ఒకవైపే పెట్టి ఉంటాయి. జులైలో నలభై డిగ్రీల ఎండలో అక్కడికి దిగితే నీటి మీద నించి వచ్చే చల్లగాలి మొహానికి కొడుతుంది, ఒక్కసారి అనుభవించి చూడండి.

ప్రశ్నలు అడగొచ్చండి.

చెప్పండి మేడమ్. లైసెన్సా? మిస్సోరి నివాసులకి 65 దాటితే ఫిషింగ్ పర్మిట్ అక్కర్లా, వయసు చూపించే కార్డు దగ్గరుంటే చాలు. కానీ ట్రౌట్ పార్కులో డైలీ ట్యాగ్ కొనాలి, అది అందరూ కొనాల్సిందే, పార్కు బయట ఏట్లో ట్రౌట్ పట్టి ఉంచుకోవాలంటే ట్రౌట్ పర్మిట్ కావాలి. ఇండియా నించి వచ్చిన అమ్మానాన్నలకి ఈ మినహాయింపు రాదు, నాన్‌రెసిడెంట్ డైలీ పర్మిట్ తీసుకోండి. పార్కులో రోజుకి నాలుగు చేపలు. పార్కు దాటి కింద మెరమెక్‌లో రెడ్ రిబ్బన్ అని ఒక భాగం ఉంది, అక్కడ రెండే, అదీ 15 అంగుళాలు దాటితేనే, ఎర్రలూ పిండీ పనికిరావు, కృత్రిమ ఎరలే. వారం మధ్యలో అక్కడ మనిషి కనపడడు, నేను ఎక్కువగా పోయేది అక్కడికే.

వెనక బాబు అడుగుతున్నాడు, వదిలేస్తే చేప బతుకుతుందా అని. మంచి ప్రశ్న నాన్నా. బతుకుతుంది, మనం సరిగ్గా పట్టుకుంటే. ముందు చేతులు తడుపుకోవాలి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీద జిగురు ఊడిపోతుంది, ఆ జిగురే దానికి చొక్కా, అది పోతే జబ్బు చేస్తుంది. నీళ్ళలో ఉంచే కొక్కెం తియ్యాలి, మరీ లోపలికి మింగేస్తే లాగొద్దు, దారం కత్తిరించెయ్యి. ఎగువకి మొహం పెట్టి రెండు చేతుల్లో వదులుగా పట్టుకుంటే మొప్పలు ఆడతాయి, కాసేపటికి తోక ఒక్క విదిలింపు విదిలించి అదే పోతుంది. అది అరచేతిలోంచి పోయేటప్పుడు ఎలా ఉంటుందో నువ్వే చూడాలి.

వంటా? అడుగుతారని తెలుసు. నేను నెలకి రెండు తెస్తా ఇంటికి. పులుసు వద్దండి, ట్రౌట్ కండ మెత్తన, చింతపండు పులుసులో ఉడికితే విడిపోతుంది, పులుసుకి కొరమేనే. పొలుసు తియ్యక్కర్లా, పొట్ట శుభ్రం చేసి గాట్లు పెట్టి ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచి పెనం మీద వేపండి, తోలు కరకరలాడాలి. ఒక్కసారే తిప్పండి.

ఇంక ఈ రాడ్డు చూస్తారా ఎవరైనా? డ్రాగ్ అన్నది కూడా చూపిస్తా. స్పూలు పైన ఈ బిళ్ళ ఉంది చూశారూ, ఇది బిగిస్తే దారం గట్టిగా వస్తుంది, వదులు చేస్తే తేలిగ్గా జారుతుంది. నాలుగు పౌన్ల దారానికి ఒక పౌను దగ్గర జారేట్టు పెడతా, చేప ఒక్క గుంజు గుంజితే దారం తెగకుండా జారి ఇస్తుంది. అమ్మగారూ, మీరు నేతపని చేశామన్నారు కదా ఇందాక, మీరు పట్టుకోండి. కుడిచేత్తో, ఆ, రీలు కాడ రెండు వేళ్ళ మధ్యలోకి. చూపుడు వేలు చాపి దారం కొస మీద ఆనించుకోండి, నొక్కద్దు, ఆనితే చాలు. నేను దారం పట్టుకుని ఆ గుమ్మం దాకా వెళ్తా. మీరు ఇటు చూడొద్దు, కళ్ళు మూసుకోండి. చిన్న చేప ఎలా తాకుతుందో అలా తాకిస్తా, తెలియంగానే చెప్పండి.